తాళ్ళు కోసిన మర్నాడు

మా అక్క కూతురు చిన్ని తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి మా ఇంట్లో మూడు వారాలు ఉంది. బ్యాగు తెరిస్తే బట్టల మీద రెండు లాంగ్ నోట్‌బుక్కులు. రెండిటి నిండా ఒకటే కథ. తెలుగులోనే రాసింది, యుద్ధాలు వచ్చిన చోట మాత్రం ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది. "పిన్నీ, చదివి నిజం చెప్పు. ఊరికే బాగుంది అనకు" అని నా చేతిలో పెట్టింది.

ఆ కథలో వాన దానంతట అది కురవదు. కొండల మీద మనుషులు బారులు తీరి, మేఘాల్ని తాళ్ళతో కట్టి పట్టుకుని ఉంటారు. డబ్బిచ్చినవాళ్ళ పొలం మీదికి మేఘాన్ని లాగుతారు. తాడు పట్టేవాళ్ళంతా తాతల నాటి అప్పు కింద పుట్టినవాళ్ళు. అలాంటి సామ్రాజ్యానికి పదహారేళ్ళ అవని మహారాణి అవుతుంది. పట్టాభిషేకం రోజే కిరీటం పక్కన పెట్టి, కొండెక్కి, మొదటి తాడు తన చేత్తో కోస్తుంది. సాయంత్రానికి ముప్ఫై వేల మందికి విడుదల. ఆ తర్వాత కుట్రలు, యుద్ధాలు. చివరికి సొంత బాబాయే విషం పెడతాడు. జనం ఆమెకి విగ్రహం కడతారు. ఆఖరి పేజీలో ఆ విగ్రహం మీద వాన పడుతుంది, ఎవరూ లాగకుండా వచ్చిన వాన.

ఆ పేజీ దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మాట చిన్నికి చెప్పాను. చెప్పాక ఒకటి అడిగాను: "తాళ్ళు కోసేశారు కదా, ఆ రాత్రి ముప్ఫై వేల మంది ఎక్కడ పడుకున్నారు? ఏం తిన్నారు?"

చిన్ని కాసేపు ఆలోచించింది. "అదంతా రాస్తే కథ ఆగిపోతుంది పిన్నీ" అంది.

ఆ జవాబు నన్ను నెల రోజులుగా వదల్లేదు. అక్కడ కథ ఆగిపోదని, అసలు కథ మొదలయ్యేదే అక్కడని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగ్గానే రాయాలి.

మూడు తలుపులు

ఊహాలోకాల కథలు నేను చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. చందమామ సీరియళ్ళతో మొదలై ఇప్పుడు ఫోన్లో చూసే పెద్ద పెద్ద సిరీస్‌ల దాకా. మంచి చేయాలని తపించే మహారాణి వాటిలో ఎక్కడ కనిపించినా, ఆమె బయటికి వెళ్ళడానికి మూడే తలుపులు. ఒకటి చావు: విషమో, కత్తో, ఆపైన విగ్రహమో. రెండోది పిచ్చి. బానిసల్ని విడిపించిన మనిషే ఒక రోజు ఊళ్ళకి నిప్పు పెట్టేస్తుంది, అధికారం ఇంతే అని మనం నిట్టూరుస్తాం. మూడోది పెళ్ళి.

మూడోదానికి మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. జైమిని భారతంలో ప్రమీల. ఆడవాళ్ళే ఏలుకునే రాజ్యం ఆమెది. ధర్మరాజు అశ్వమేధ గుర్రాన్ని కట్టేసి అర్జునుడికే ఎదురు నిలిచింది. యుద్ధంలో ఆమెని గెలవడం నీ వల్ల కాదని ఆకాశవాణి చెబితే అర్జునుడు పెళ్ళికి ఒప్పుకుంటాడు. గుర్రం విడుదలవుతుంది, ప్రమీల హస్తినకి ప్రయాణమవుతుంది. నాటకాలుగా, హరికథలుగా ఎన్నిసార్లు ఆడారో. చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో హరికథ విని, ఇంటికి వస్తూ దారిలో అమ్మమ్మని అడిగాను, ప్రమీల వెళ్ళిపోయాక ఆ రాజ్యాన్ని ఎవరు చూసుకున్నారని. అమ్మమ్మ నవ్వి, "కథ అర్జునుడిది కదమ్మా" అంది.

అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గుర్రం ఎటు వెళితే కథ అటు వెళ్ళింది. కానీ ఆ రాజ్యంలో చెరువులు ఉండి ఉంటాయి, పంటలు ఉండి ఉంటాయి, గొడవలు తీర్చమని పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డ మనుషులు ఉండి ఉంటారు. వాళ్ళని కథ ఎవరికీ అప్పజెప్పకుండానే ముందుకెళ్ళింది.

ఈ మూడు తలుపులూ చేసే పని ఒకటే. ఆజ్ఞ ఇచ్చిన మర్నాడు ఏమైందో చెప్పే బాధ్యత నుంచి రాసేవాళ్ళని తప్పిస్తాయి. చచ్చిపోతే ఆదర్శం మచ్చ లేకుండా మిగులుతుంది. పిచ్చెక్కితే ఆదర్శమే రోగమని తేల్చేయొచ్చు. పెళ్ళయితే అడిగేవాళ్ళే ఉండరు. నాకు కావాల్సింది నలభై ఏళ్ళు బతికి, నలభై ఏళ్ళూ అదే సింహాసనం మీద కూర్చుని, తాను చేసిన మంచికి ఖర్చు ఎవరు కట్టారో తెలుసుకుని, తెలిశాక కూడా పొద్దున్నే లేచి కొలువుకి వచ్చే మహారాణి.

జిగురు మరక

ఇది నాకు పుస్తకాల్లో తట్టిన విషయం కాదు. మూడేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా చేశాను. మా బ్లాకులో రెండు లిఫ్టులు ఉన్నాయి. ముందున్న లిఫ్టు తలుపు పక్కన ఒక స్టిక్కర్ ఉండేది: ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, డెలివరీ వాళ్ళు సర్వీస్ లిఫ్టే వాడాలని. రోజూ దాని పక్కనే నిలబడి లిఫ్టు కోసం చూస్తూ సిగ్గుపడేదాన్ని. సెక్రటరీ అయ్యాక మొదటి మీటింగులోనే ఆ సంగతి ఎత్తాను. రెండు గంటలు వాదన. చివరికి ఓటింగులో నెగ్గాం. ఆ రాత్రే హెయిర్ డ్రయర్ తీసుకెళ్ళి వేడి చేసి, గోరుతో అంచు లేపి, ఆ స్టిక్కర్ నేనే పీకాను. అక్షరాలు పోయాయి. జిగురు మాత్రం పలకంత మేర అలాగే మిగిలింది. రెండు రోజుల్లో దాని మీద దుమ్ము పట్టి, మాటల్లేని బోర్డులా తయారైంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెది రాయదుర్గం వైపు ఊరు. పది రోజుల తర్వాత చూస్తే ఆమె ఇంకా సర్వీస్ లిఫ్టు దగ్గరే నిలబడి ఉంది. ముందు లిఫ్టు ఖాళీగా కిందే ఉంది. ఇప్పుడు ఇందులో ఎక్కొచ్చు కదా అన్నాను.

"వద్దులే మేడమ్" అంది. "పొద్దున పూట అందరూ ఆఫీసులకు పోతాంటారు. నేనెక్కితే ఏమీ అనరు. ఊరికే పైకి చూస్తా నిలబడుకుంటారు. అంతసేపూ ఊపిరి బిగబట్టుకోవల్ల. ఆ లిఫ్టులో అయితే మేం మేం మాట్లాడుకుంటా పోతాం."

దానికి నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా బరువైన సంగతి ఇంకో నెలకి తెలిసింది. స్టిక్కర్ తీసిన మొదటి వారంలోనే ఒక అమ్మాయి ధైర్యం చేసి ముందు లిఫ్టులో ఎక్కిందట. ఆమె పనిచేసే ఇంట్లో వాళ్ళు లిఫ్టు మాట ఎత్తకుండా, ఆలస్యంగా వస్తున్నావని చెప్పి మాన్పించారు. పక్కింటివాళ్ళు కూడా వద్దన్నారు. ఒకే వారంలో రెండిళ్ళ పని పోయింది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే దారే లేదు. అసోసియేషన్ గ్రూపులో ఉండేది ఓనర్లు, అద్దెకున్నవాళ్ళు. పనివాళ్ళు ఎవరూ ఆ గ్రూపులో లేరు. మా ఇంట్లో ఆమె ఒక రోజు గిన్నెలు తోముతూ మాటల్లో అంటే తెలిసింది.

వెతికి వెతికి ఆ అమ్మాయికి వేరే బ్లాకులో ఒక ఇల్లు చూపించాను. అక్కడ జీతం పదిహేను వందలు తక్కువ. ఓటింగులో నెగ్గిన రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ నిద్రకి నెలకి పదిహేను వందలు ఆ అమ్మాయి కట్టింది.

అంటే స్టిక్కర్ తీయకుండా ఉండాల్సిందా? చాలా రోజులు ఇదే ఆలోచించాను. తీయాల్సిందే అని ఇవాళ్టికీ అంటాను. కానీ తీసే ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడాల్సింది. ఎవరికైనా పని పోతే ఏం చేస్తామో ఆ మీటింగులోనే రాసుకోవాల్సింది. స్టిక్కర్ మీద మాత్రమే రెండు గంటలు వాదించుకున్నాం. పీకాక ఏమవుతుందన్న దాని మీద రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

ఏడాది గడిచాక ఇంకో చిత్రం చూశాను. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఏ లిఫ్టు ముందొస్తే అందులో ఎక్కేస్తున్నారు. వాళ్ళు ఆ స్టిక్కర్‌ని చూడనే లేదు. పాతవాళ్ళు మాత్రం ఇప్పటికీ వెనక లిఫ్టే. ఒక అన్యాయం గోడ మీద నుంచి పోవడానికి పది నిమిషాలు పట్టింది. మనుషుల ఒంట్లోంచి పోవడానికి కొత్త మనుషులు రావాల్సి వచ్చింది. ఫాంటసీ కథల్లో మహారాణి పదహారేళ్ళ వయసులో ఆజ్ఞ ఇచ్చి ఇరవయ్యో ఏట చచ్చిపోతే, ఈ రెండో సంగతి ఆమె కంట ఎప్పటికి పడుతుంది?

మహారాణి అనేదే తప్పు కదా

చిన్ని కథ గురించి చెబితే ఆఫీసులో ఒక స్నేహితుడు సూటిగా ఒక ప్రశ్న వేశాడు. నిజంగా ఆదర్శం ఉన్నదైతే మొదటి రోజే సింహాసనం వదిలేయాలి కదా? ఒక్క మనిషి మాటతో ముప్ఫై వేల మందికి స్వేచ్ఛ వస్తే, ఇంకో మనిషి మాటతో అది పోతుంది కదా?

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేను. చరిత్రలో ఆదర్శాలు గట్టిగా మాట్లాడిన చక్రవర్తిని ఎవరంటే నాకు రష్యాని ఏలిన కేథరిన్ గుర్తొస్తుంది. కొత్త చట్టాలు రాయడానికి ప్రతినిధుల సభని పిలిచి, వాళ్ళకి దారి చూపడానికి 1767లో పెద్ద సూచనల గ్రంథమే రాసింది. అందులో 500 పైచిలుకు అంశాలు. చట్టం ముందు అందరూ సమానమని, చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించడం తప్పని ఉంటుంది. అదే 1767లో ఇంకో ఆజ్ఞ వెళ్ళింది: జమీందార్ల కింద భూమికి కట్టుబడిన రైతులు తమ యజమానుల మీద నేరుగా మహారాణికి ఫిర్యాదు చేసుకోకూడదని. ఆ సభలో ఆ రైతుల తరఫున కూర్చున్నవాళ్ళూ లేరు. టర్కీతో యుద్ధం వచ్చాక 1768లో సభే ఆగిపోయింది. ఆ తర్వాత పుగచోవ్ అనే తిరుగుబాటు నాయకుడి వెనక రైతులు తిరగబడ్డారు.

ఫ్రెంచి తత్వవేత్త దిదరో ఆమె దగ్గరికి వెళ్ళి సంస్కరణల గురించి బోలెడు చెబితే, మీరు కాగితం మీద పనిచేస్తారు, కాగితం అన్నీ ఓర్చుకుంటుంది, నేను మనిషి చర్మం మీద పనిచేయాలి అన్నట్టు ఆమె జవాబిచ్చిందని చెబుతారు. గొప్ప మాట. కానీ నాకు ఆ రెండు ఆజ్ఞల మధ్య తేడానే ఎక్కువ బాధ కలిగిస్తుంది. చర్మం మీద రాస్తున్నానని తెలిసిన మనిషే, ఆ చర్మం నొప్పి పెడితే అరిచే దారి మూసేసింది.

అందుకని నా స్నేహితుడికి నేనిచ్చిన జవాబు ఇది. సింహాసనం దిగిపోతే తాడు ఇంకొకరి చేతికి వెళుతుంది, బహుశా ఆ బాబాయి చేతికే. ఉండాలి. కానీ ఉన్నన్నాళ్ళూ ఒక్కటి చూసుకోవాలి: ఆమె ఆజ్ఞ వల్ల దెబ్బ తిన్న మనిషి గొంతు ఆమె దాకా వస్తోందా? ఏ మహారాణి ఆదర్శాన్నయినా నేను దీంతోనే కొలుస్తాను. నా సెక్రటరీ పదవిని కూడా దీంతోనే కొలుచుకున్నాను. రెండో ఏడాది, పనివాళ్ళలో ఇద్దరు అసోసియేషన్ మీటింగుకి వచ్చి మాట్లాడేలా పట్టుబట్టాను. మొదటిసారి వాళ్ళు నోరు విప్పలేదు. మూడోసారి తాగునీళ్ళ గురించి అడిగారు. కింద వాళ్ళకి మంచినీళ్ళ కుళాయే లేదని మాకెవ్వరికీ తోచలేదు.

వేదవతి మీద ఒక ఆనకట్ట

చిన్ని పుట్టింది బెంగళూరులోనే, వాణీ విలాస ఆసుపత్రిలో. అప్పుడు అక్కా బావా చామరాజపేటలో ఉండేవాళ్ళు. ఆ పేరు ఎవరిదో చిన్నికి తెలియదు. ఒక ఆదివారం ఆ వైపు తీసుకెళ్ళి చూపించాను.

మైసూరు మహారాణి కెంపనంజమ్మణ్ణి బిరుదు పేరే వాణీ విలాస సన్నిధాన. 1894 డిసెంబరులో భర్త చామరాజేంద్ర ఒడయారు కలకత్తాలో చనిపోయేసరికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. కొడుక్కి పదేళ్ళు. 1895 నుంచి 1902 దాకా కొడుకు తరఫున రాజ్యం ఆమె చూసుకుంది. పైన బ్రిటిష్ రెసిడెంటు, పక్కన ఆరితేరిన దివాను శేషాద్రి అయ్యరు. ఆ ఏడేళ్ళలోనే 1898 ప్లేగు బెంగళూరుని ఊపేసింది. ఇరుకు పేటలు వదిలి జనం బయటికి రావడంతో బసవనగుడి, మల్లేశ్వరం పెరిగాయి. శివనసముద్రం దగ్గర జలవిద్యుత్తు పనులు సాగి, 1902లో కరెంటు కోలారు బంగారు గనులకి చేరింది. బెంగళూరు వీధుల్లో దీపాలు 1905లో వెలిగాయి. ముందు గనికి, తర్వాత ఊరికి. ఆ వరసలో ఎవరి మాట చెల్లిందో కనిపిస్తుంది.

ఆమెది సామ్రాజ్యమూ కాదు, అధికారం పూర్తిగా ఆమె చేతిలోనూ లేదు. అయినా చిన్నికి ఆమె గురించే ఎక్కువ చెప్పాను, ముఖ్యంగా మారికణివె ఆనకట్ట గురించి. చిత్రదుర్గం వైపు కరువు నేలలో వేదవతి మీద కట్టారు, వాణీ విలాస సాగరం అంటారు. ఆమె కాలంలో మొదలై, ఆమె దిగిపోయాక 1907లో పూర్తయింది. నిండుకుండలా నిండింది 1933లో. మళ్ళీ అలా నిండడానికి 2022 దాకా, 89 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. ఒక మంచి పని లోకంలో ఎంత నెమ్మదిగా నడుస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి లెక్క దొరకలేదు.

అక్కడితో ఆపితే నేనూ విగ్రహం కట్టినదాన్నే అవుతాను. ఆ వేదవతే కిందికి వచ్చి మన అనంతపురం జిల్లాలో హగరి అవుతుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె ఊరు ఆ ఏటి పక్కనే. ఎగువన నీళ్ళు నిలిస్తే దిగువన ఏరు సన్నబడుతుంది. "మా హగరిలో ఇసకే మేడమ్" అంటుంది ఆమె. 2022లో నీళ్ళొచ్చాయని ఫోనొస్తే రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి పోయి, ఏట్లో కాళ్ళు తడుపుకుని వచ్చింది. పిల్లలకి నీళ్ళున్న ఏరు చూపించుకోవడం అదే మొదటిసారట. ఎగువన ఒక ఊరికి అన్నం పెట్టిన ఆనకట్ట, దిగువన ఇంకో ఊరి మనిషిని బెంగళూరు సర్వీస్ లిఫ్టు దాకా తీసుకొచ్చిన కారణాల్లో ఒకటేమో. రాణి మనసులో చెడు లేదు. మ్యాపులో రాజ్యం సరిహద్దు దాటాక ఏరు ఎటు పోతుందో చూడాల్సిన పని ఆమెది అని ఎవరూ అనుకోలేదు, అంతే. కథ రాసేవాళ్ళు అనుకోవచ్చు. ఊహాలోకానికి మ్యాపు గీసేది వాళ్ళే కాబట్టి.

మైసూరులో 1881 నుంచి ప్రతి దసరాకి ప్రజా ప్రతినిధుల సభ జరిగేది. మొదట 144 మంది. ఎక్కువగా భూములున్నవాళ్ళు, వ్యాపారులు. చెప్పుకోవచ్చు తప్ప నిర్ణయించే అధికారం లేదు. అయినా ఆ చెప్పుకునే గది ఉండడానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉందని, మా మీటింగులో కుళాయి మాట విన్న రోజు నుంచి నేను నమ్ముతున్నాను.

ఎవరు చదువుతారు?

చిన్ని అడిగింది ఇదే. "పిన్నీ, బస్తాలు లెక్కపెట్టే మహారాణి కథ ఎవరు చదువుతారు? మేం చదివేదే స్కూల్ టెన్షన్ మర్చిపోవడానికి."

అందులో న్యాయం ఉంది. అలిసిపోయినప్పుడు నేనూ డ్రాగన్ల కోసమే చదువుతాను. పదమూడేళ్ళ పిల్ల పుస్తకంలో ఒక అమ్మాయి ఒక్క కత్తి వేటుతో తాళ్ళన్నీ కోస్తుంటే కలిగే ఆనందాన్ని నేను తీసేయాలనుకోవడం లేదు. ఆ ఆనందం లేకపోతే మీటింగులో చెయ్యెత్తే ధైర్యం నాకెక్కడి నుంచి వచ్చేది? కాకపోతే, అలాంటి కథలు మాత్రమే చదివి పెరిగినందుకే స్టిక్కర్ పీకడంతో పని అయిపోయిందని ఆ రాత్రి నిద్రపోయాననీ అనిపిస్తుంది. మర్నాటి సంగతి చెప్పిన కథ ఒక్కటి చదివి ఉన్నా, ఆ వారం ఆ అమ్మాయి గురించి ఎవరినైనా అడిగి ఉండేదాన్ని.

చిన్ని ఏమీ అనకుండా ఊరికి వెళ్ళిపోయింది. నేనూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పోయిన గురువారం రాత్రి ఫోన్ చేసింది. మూడో నోట్‌బుక్కు మొదలుపెట్టిందట, తాళ్ళు కోసిన రాత్రి నుంచి. చదివి వినిపించింది. విడుదలైనవాళ్ళు కొండ దిగరు. పుట్టినప్పటి నుంచి తాడు పట్టుకుని పట్టుకుని వాళ్ళ వేళ్ళు తెరుచుకోవు. కోసేసిన తాడు ముక్కల్ని అలాగే పట్టుకుని చలిలో కూర్చుంటారు. అవని వాళ్ళ మధ్యకి వస్తుంది. ఒక ముసలావిడ ఆమెని గుర్తుపట్టక, "మబ్బులన్నీ పోయాయి కదా తల్లీ, రేపు మా మనవడి ఊళ్ళో వాన ఎవరు పోస్తారు?" అని అడుగుతుంది. అవని ఏమీ చెప్పలేక ఆమె పక్కన కూర్చుంటుంది.

అక్కడ ఆపి, "పిన్నీ, ముప్ఫై వేల మందికి ఒక పూటకి ఎన్ని బస్తాల బియ్యం కావాలి?" అంది.

ఇద్దరం ఫోన్లోనే లెక్క కట్టాం. మనిషికి 150 గ్రాములు వేసుకుంటే నాలుగున్నర టన్నులు. పాతిక కేజీల బస్తాలయితే 180.

"కోట కొట్టులో 110 ఉన్నాయని ముందే రాసేశాను. మార్చేదా?"

వద్దు, అలాగే ఉంచమన్నాను.